యుద్ధ వార్తలు చూసే ముందు మీ అభిప్రాయానికి తేదీ వేయండి

"ఎవరి మాట నమ్మాలండీ?" యుద్ధం గురించి ఏం రాసినా నాకు తిరిగి వచ్చే ప్రశ్న ఇదే. ఉక్రెయిన్ మీద రాస్తే ఇదే అడిగారు, గాజా మీద రాసినా ఇదే. ఒక చానల్ పేరో పేపరు పేరో చెబుతానని ఆశిస్తారు. అలా ఒక పేరు చెప్పి ఊరుకోలేను. నాలుగు రోజుల్లో ముగిసే గొడవలో మనల్ని ఎక్కువగా ముంచేది అబద్ధం. ఏళ్లు సాగే యుద్ధంలో మాత్రం నిజమైన వార్తలే మనల్ని మార్చేస్తాయి. దేన్ని ఎంతసేపు చూపించారు, ఏ మాట వాడారు, ఏ రోజు నుంచి చూపించడం మానేశారు అన్నదాన్ని బట్టి మన అభిప్రాయం కొద్దికొద్దిగా జరుగుతూ పోతుంది. కళ్లముందు పెరిగే పిల్ల ఎత్తు ఇంట్లోవాళ్లకు తెలియదు, గోడ మీద గీత గీసి ఉంటే తప్ప. ఇక్కడ చెప్పబోయేది ఆ గీత గీసుకోవడం గురించే.

రెండు వారాల పని ఇది. రోజుకు పావుగంట చాలు.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం. ఫోన్ నోట్స్ వద్దు, పాతది చెరిపి కొత్తది రాయడం అందులో మరీ తేలిక.
- నాలుగు వార్తా వనరులు: యుద్ధంలో ఉన్న రెండు పక్షాల నుంచి ఒక్కొక్కటి, ఆ యుద్ధంతో నేరుగా సంబంధం లేని దేశానిది ఒకటి, రాయిటర్స్, ఏపీ, ఏఎఫ్‌పీ వంటి వార్తా సంస్థల్లో ఒకటి. భాష రాకపోతే ఫోన్‌లో అనువాదం పెట్టుకోండి. శీర్షికల వరకు అది సరిపోతుంది.
- ఆ ప్రాంతం మ్యాపు.
- ఫొటో వెతకడానికి గూగుల్ లెన్స్ లేదా టిన్‌ఐ. మార్చేసిన వెబ్ పేజీల పాత రూపం చూడటానికి వేబ్యాక్ మెషీన్. అన్నీ ఉచితమే.

నాలుగు వనరులకు టైమ్ లేదంటే రెండు పెట్టుకోండి. కానీ ఆ రెండూ ఒకే పక్షానివి కాకుండా చూసుకోండి.

1. ఏదీ చూడకముందే మీ అభిప్రాయం రాయండి

మొదటి రోజు టీవీ పెట్టకుండా, ఫోన్ తీయకుండా ఈ నాలుగింటికి జవాబులు రాయండి. యుద్ధానికి కారణం ఎవరు? ఇప్పుడు ఎవరిది పైచేయి? ఎప్పటికి ముగుస్తుంది? ఎలా ముగిస్తే న్యాయం? ప్రతి జవాబు పక్కన రెండు విషయాలు చేర్చండి: ఎంత ధీమాగా ఉన్నారో పదికి ఒక మార్కు, ఆ సంగతి మీకు ఎక్కడి నుంచి తెలిసిందో ఒక ముక్క. పైన తేదీ వేయండి.

రెండోది రాయడం కష్టంగా ఉంటుంది. "అందరికీ తెలిసిందేగా" అని రాయాలనిపిస్తుంది. రాయండి, తప్పేం లేదు. కానీ ఆ జవాబు చుట్టూ సున్నా చుట్టండి. రెండు వారాల తర్వాత ముందు చూడాల్సినవి ఆ సున్నాలే.

నా పుస్తకంలో 2022 మార్చి నాటి పేజీ ఒకటుంది. ఉక్రెయిన్ యుద్ధం ఎప్పటికి ముగుస్తుంది అన్న ప్రశ్నకు "వేసవికల్లా తేలిపోతుంది" అని రాసుకున్నాను. ధీమా 8. ఆ పేజీ లేకపోతే "ఇది ఏళ్లు సాగుతుందని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను" అని ఈపాటికి అందరితో చెబుతూ ఉండేవాణ్ని, మనస్ఫూర్తిగా నమ్మి మరీ.

2. మొదటి వారం చదవకండి, లెక్కపెట్టండి

ఏడు రోజులు కేవలం శీర్షికలు చూడండి. ఒక్కో వనరులో ఆ యుద్ధం వార్త ఉందా లేదా, ఉంటే మొదటి మూడింటిలో ఉందా అన్నది రాయండి. రోజుకు నాలుగు గీతల పని.

ఎందుకంటే దీర్ఘయుద్ధంలో జనాభిప్రాయాన్ని వార్త ఎంతగా మలుస్తుందో, వార్త లేకపోవడం కూడా అంతగానే మలుస్తుంది. అఫ్గానిస్తాన్‌లో అమెరికా యుద్ధం 2001 నుంచి 2021 దాకా సాగింది. అందులో 2020 ఏడాది మొత్తం మీద అమెరికా టీవీ చానళ్లు ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ మూడింటి సాయంత్రపు జాతీయ వార్తల్లో కలిపి అఫ్గానిస్తాన్‌కు దక్కింది 5 నిమిషాలు. ఏడాదికి 14 వేల నిమిషాలకు పైగా వార్తలు వచ్చే చోట! మరుసటి ఏడు ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లగానే జనం "ఇంత హఠాత్తుగానా?" అన్నారు. అక్కడ ఉన్నవాళ్లకు అది హఠాత్తు కాదు. చూపించనందువల్ల మనకు హఠాత్తు.

కొన్నిసార్లు ఆ మౌనం నిబంధన వల్ల వస్తుంది. విదేశీ యుద్ధాల నుంచి తిరిగొచ్చే సైనికుల శవపేటికలను ఫొటో తీయకూడదని అమెరికా రక్షణశాఖ 1991లో నిషేధం పెట్టింది. కుటుంబం ఒప్పుకుంటే తీయవచ్చని 2009లో గానీ సడలించలేదు. అఫ్గానిస్తాన్, ఇరాక్ యుద్ధాలు రెండూ ఆ నిషేధం ఉన్న రోజుల్లోనే మొదలయ్యాయి.

జాగ్రత్త: వార్త కనబడలేదంటే దాచేశారని వెంటనే తీర్మానించకండి. ఎన్నికలో, వరదో వచ్చి పక్కకు జరిగి ఉండొచ్చు. ఏడు రోజుల గీతలు చూశాకే మాట్లాడండి.

3. రెండో వారం: క్రియాపదాల మీద కన్నేయండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన మెట్టు ఇది. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

మన తెలుగు వార్తల్లో చావుకు ఎన్ని మాటలున్నాయో గమనించండి. ఇష్టపడే పక్షం వాళ్లు నేలకొరుగుతారు, అమరులవుతారు, వీరమరణం పొందుతారు. గిట్టని పక్షం వాళ్లు హతమవుతారు. వాళ్లను మట్టుబెడతారు, తుడిచిపెడతారు, ఏరివేస్తారు. పట్టించుకోని మనుషులు మృతిచెందుతారు. ఒక్కోసారి అది కూడా ఉండదు, "మృతుల సంఖ్య పెరిగింది" అంటారు, అంతే. అందరి విషయంలోనూ జరిగింది ఒకటే, ఒక మనిషి చనిపోవడం. ఏ మాట వాడారన్నదాన్ని బట్టి మనకు ఏడుపొస్తుందో, ఊరట కలుగుతుందో, అసలేమీ కలగదో తేలిపోతుంది.

తర్వాత కర్త ఎవరో వెతకండి. "బాంబు దాడిలో భవనం కూలి 12 మంది మృతి" అన్న వాక్యంలో దాడి చేసిందెవరు? లేరు. నాలుగు వనరుల్లో ఒకే ఘటన తీసుకుని, ఎవరు కర్తను రాశారో ఎవరు వదిలేశారో పక్కపక్కన పెట్టండి. ఒక పక్షం దాడులకు ఎప్పుడూ కర్త ఉండి, మరో పక్షం దాడులకు ఎప్పుడూ లేకపోతే, అది ఆ సంస్థకు అలవాటైపోయిందన్నమాట.

"ప్రతిదాడి", "ప్రతీకార దాడి" అన్న మాటలనూ గుర్తుపెట్టుకోండి. ప్రతి అన్నారంటే లెక్క ఎక్కడో ఒకచోట మొదలుపెట్టారని అర్థం. ఎక్కడ మొదలుపెట్టారు? అంతకు ముందు రోజు ఏం జరిగింది? వెనక్కి తగ్గడానికీ పేర్లుంటాయి. 2022 సెప్టెంబరులో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతం నుంచి రష్యా సేనలు వెళ్లిపోవాల్సి వచ్చినప్పుడు ఆ దేశ రక్షణశాఖ దాన్ని బలగాల పునర్‌వ్యవస్థీకరణ అంది. అసలు ఆ యుద్ధాన్ని యుద్ధం అనడమే అక్కడ ప్రమాదం. "ప్రత్యేక సైనిక చర్య" అన్నది అధికారిక పేరు. సైన్యం గురించి తప్పుడు సమాచారం వ్యాప్తి చేస్తే 15 ఏళ్ల దాకా జైలుశిక్ష వేసేలా 2022 మార్చి 4న చట్టం తెచ్చారు.

ఇప్పుడు పరీక్ష. శీర్షికలో రెండు పక్షాల పేర్లను తారుమారు చేసి పైకి చదవండి. ఇబ్బందిగా, ఎబ్బెట్టుగా అనిపిస్తే ఆ వాక్యం ఎటో మొగ్గి ఉంది. లేదా మీరు మొగ్గి ఉన్నారు. రెండూ రాసుకోండి.

శీర్షికలు మారడం కూడా చూడండి. 2023 అక్టోబరు 17 రాత్రి గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి దగ్గర పేలుడు జరిగింది. న్యూయార్క్ టైమ్స్ మొదటి శీర్షికలో ఇజ్రాయెల్ దాడిలో వందల మంది మరణించారని పాలస్తీనీయులు చెబుతున్నట్టు ఉంది. కాసేపటికి "ఇజ్రాయెల్" అన్న మాట పోయి "దాడి" మిగిలింది. తర్వాత దాడి పోయి "పేలుడు" వచ్చింది. తమ రాకెట్టు కాదు, పాలస్తీనా సాయుధ సంస్థ రాకెట్టు గురి తప్పి పడిందని ఈలోగా ఇజ్రాయెల్ ప్రకటించింది. మొదట్లో హమాస్ మాటల మీద మరీ ఎక్కువగా ఆధారపడ్డామని అక్టోబరు 23న ఆ పత్రికే సంపాదకుల వివరణ ఇచ్చింది. అప్పటికి మొదటి శీర్షిక చూసినవాళ్లెందరో ఆ వివరణ చూసి ఉండరు. ఎవరు ఏ శీర్షిక దగ్గర ఆగిపోయారో, వాళ్ల అభిప్రాయం అక్కడే ఆగిపోయింది. పెద్ద ఘటన జరిగిన రోజు వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ చూస్తే ఈ మార్పులన్నీ గంటగంటకూ కనబడతాయి.

4. విలేకరి ఎక్కడ నిలబడి చెబుతున్నారో అడగండి

ప్రతి కథనానికీ ఒక్క ముక్క రాయండి: సంఘటన చోట ఉన్నారా, రాజధానిలో ఉన్నారా, పక్క దేశంలో ఉన్నారా? అక్కడికి వెళ్లనిచ్చింది ఎవరు?

2003లో ఇరాక్ మీదికి వెళ్లిన అమెరికా దళాలతో పాటు వందల మంది విలేకరులు ప్రయాణించారు. వాళ్లతోనే తిన్నారు, వాళ్ల వాహనాల్లోనే పడుకున్నారు. వాళ్లు చూపించింది అబద్ధం కాదు. కాకపోతే కెమెరా తుపాకీ వెనక ఉంది. తుపాకీ ముందున్న ఇల్లు అందులో దూరంగా పొగలా కనిపిస్తుంది. గాజాలో పరిస్థితి మరోలా ఉంది. యుద్ధం మొదలయ్యాక బయటి విలేకరులు స్వేచ్ఛగా లోపలికి వెళ్లడానికి ఇజ్రాయెల్ రెండేళ్లకు పైగా ఒప్పుకోలేదు, తమ సైన్యం వెంట తీసుకెళ్తే తప్ప. లోపలి నుంచి ప్రపంచానికి అందిందాంట్లో దాదాపు అంతా అక్కడి స్థానిక విలేకరుల పనే. వాళ్లలో చాలామంది ఆ పని చేస్తూనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

5. అంకె కనబడితే మూడు ప్రశ్నలు

ఎవరు లెక్కపెట్టారు? దేన్ని లెక్కపెట్టారు? ఏ తేదీ దాకా?

రెండో ప్రశ్న దగ్గరే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఇంగ్లిష్ వార్తల్లో "క్యాజువాల్టీస్" అనే మాట వస్తుంది. సైన్యం లెక్కలో దాని అర్థం చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, చాలా సందర్భాల్లో గల్లంతైనవాళ్లు, పట్టుబడినవాళ్లు కూడా కలిపి. హడావిడిగా అనువాదం చేసేటప్పుడు అదే "మృతులు" అయిపోతుంది. గాయపడినవాళ్లు మామూలుగా చనిపోయినవాళ్లకన్నా ఎక్కువే ఉంటారు కాబట్టి, ఆ ఒక్క మాటతో చావులు రెండు మూడు రెట్లు పెరిగిపోతాయి. లక్షల్లో సైనికుల మృతి అని చూసినప్పుడల్లా మూలం తీసి ఏ మాట ఉందో చూడండి.

శత్రువు నష్టాలను ఏ పక్షం చెప్పినా దాన్ని ఆ పక్షం ప్రకటనగానే రాసుకోండి. వియత్నాంలో అమెరికా సైన్యం శవాల లెక్కనే విజయానికి కొలతగా పెట్టుకుంది. కింది అధికారుల మీద ఆ ఒత్తిడి పడి అంకెలు ఉబ్బాయి. తమ నష్టాలను తక్కువ చేసి చెప్పడం దీనికి రెండో వైపు. అందుకే బీబీసీ రష్యన్ విభాగం, మీడియాజోనా అనే స్వతంత్ర రష్యన్ వార్తా సంస్థ కలిసి రష్యా సైనికుల మరణాలను సంతాప ప్రకటనలు, సమాధులు, సోషల్ మీడియా పోస్టులు చూసి పేరుపేరునా లెక్కిస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఉక్రెయిన్ పౌరుల విషయంలో తాము నిర్ధారించుకున్న మరణాలే చెబుతుంది, అసలు సంఖ్య అంతకన్నా బాగా ఎక్కువని తానే రాస్తుంది. ఇలాంటి లెక్కల్ని "కనీసం ఇంత" అని చదవాలి, "ఇంతే" అని కాదు.

6. వీడియో పంపే ముందు

2022 ఫిబ్రవరిలో కీవ్ మీద ఒంటరిగా శత్రు విమానాలను కూల్చేస్తున్న పైలట్ వీడియో ఒకటి తిరిగింది. చూసి ఒళ్లు పులకరించింది, నేనూ నలుగురికి పంపాను. అది డిజిటల్ కంబాట్ సిమ్యులేటర్ అనే వీడియో గేమ్‌లోది. ఆ పైలట్ ఒక కల్పిత వీరుడని ఏప్రిల్ 30న ఉక్రెయిన్ వాయుసేనే చెప్పింది. ఆయుధాలు కింద పెట్టమని ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ చెబుతున్నట్టు మార్చిలో వచ్చిన వీడియో కూడా నకిలీదే. ఒకటి ధైర్యం నింపడానికి, ఒకటి ధైర్యం తీయడానికి.

చేయాల్సింది ఇంతే: వీడియోను మూడు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. ఒక్కోదాన్ని గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాత తేదీతో ఎక్కడైనా దొరికిందా చూడండి. దొరకకపోతే బోర్డుల మీది భాష, వాహనాల నంబరు ప్లేట్లు, చెట్లు, మంచు ఆ చోటికీ ఆ నెలకూ సరిపోతున్నాయా చూడండి. అదీ తేలకపోతే పంపకండి. ఒక్క రోజు ఆగండి.

జాగ్రత్త: గాయాల, శవాల వీడియోలను పరీక్షించే పని రాత్రి పెట్టుకోకండి. నిద్ర పట్టదు, మర్నాడంతా టెన్షన్. తెరను చిన్నగా చేసి, సౌండ్ ఆపి చూడండి. చూడలేకపోతే వదిలేయండి, మీ పరీక్షకు నష్టమేం లేదు.

7. జనాభిప్రాయం సర్వే వస్తే

"ఇంత శాతం మంది యుద్ధాన్ని సమర్థిస్తున్నారు" అని చూసినప్పుడు ప్రశ్నను యథాతథంగా వెతికి చదవండి. "సైన్యాన్ని సమర్థిస్తారా?" అన్నదీ, "యుద్ధం కొనసాగాలా, చర్చలు జరగాలా?" అన్నదీ వేర్వేరు. రష్యాలో లెవాడా కేంద్రం సర్వేల్లో సైన్యం చర్యలకు మద్దతిచ్చేవాళ్లలోనే చాలామంది శాంతి చర్చలనూ కోరుకుంటారు. వద్దంటే జైలు ఉన్న చోట జవాబు చెప్పేవాడి భయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మరో పొరపాటు, వార్తకూ అభిప్రాయానికీ మధ్య ఏది ముందో చూడకపోవడం. వియత్నాం యుద్ధం నెగ్గేది కాదు, ప్రతిష్టంభనలో పడిందని 1968 ఫిబ్రవరి 27న సీబీఎస్‌లో పేరున్న వార్తా వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ చెప్పడంతోనే అమెరికా జనం తిరగబడ్డారని చెప్పుకుంటారు. గాలప్ అనే సంస్థ అప్పట్లో చేసిన సర్వేలు తేదీలవారీగా పెట్టి చూడండి. సేనలను పంపడం పొరపాటు అన్నవాళ్లు 1965 ఆగస్టులో 24 శాతం. 1967 అక్టోబరుకే వాళ్లు, పొరపాటు కాదన్నవాళ్లను దాటేశారు. అంటే ఆ కార్యక్రమానికి నాలుగు నెలల ముందే. 1968 ఆగస్టుకు 53 శాతం అయ్యారు. ఇళ్లల్లో టీవీలు అంతగా లేని కొరియా యుద్ధకాలంలోనూ కొన్ని నెలల్లోనే మద్దతు పడిపోయింది. తిరిగొచ్చే శవపేటికలు, డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) కింద పిలుపొచ్చిన ఇళ్లు, ఇంకా అవ్వలేదేమన్న విసుగు, వీటి పని వీటిదే. మీడియా ఏమీ చేయదని అనడం లేదు. అంతా మీడియానే చేసిందన్న మాట వింటే తేదీలు అడగండి.

8. పద్నాలుగో రోజు

మొదటి పేజీ చూడకుండా అవే నాలుగు ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాయండి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి.

జవాబు మారితే మారడానికి కారణమైన వార్త ఏదో చూపించగలరా? చూపించగలిగితే మంచిదే, మీరు తెలుసుకుని మారారు. చూపించలేకపోతే మళ్లీ మెట్టు 3 దగ్గరికి వెళ్లి ఆ వారం మీరు ఎక్కువగా విన్న మాటలు వెతకండి. మీ కొత్త జవాబులో ఆ మాటలే ఉంటాయి చాలాసార్లు. జవాబు మారకుండా ధీమా 9 నుంచి 6కు తగ్గినా పరీక్ష పనిచేసినట్టే. ఏదీ మారక, సున్నా చుట్టిన "అందరికీ తెలిసిందే" అలాగే ఉండిపోతే మీ నాలుగు వనరులూ ఒకే పాట పాడుతున్నాయేమో చూడండి. ఒకే ఏజెన్సీ వార్తను నలుగురు వేస్తే అది నాలుగు సాక్ష్యాలు కాదు, ఒకటే. కథనం మొదట్లోనో చివర్లోనో ఏజెన్సీ పేరు ఉంటుంది.

ఈ దశలో ఇద్దరు తప్పుదారి పడతారు. "రెండు పక్షాలూ చెరో మాట చెబుతున్నాయి, నిజం మధ్యలో ఉంటుంది" అనేవారు ఒకరు. ఉండాలని ఏమీ లేదు. ఒకరు వంద చెప్పి ఇంకొకరు సున్నా చెబితే జవాబు యాభై అవ్వదు, వెళ్లి లెక్కపెట్టాల్సిందే. "అందరూ అబద్ధాలే" అని టీవీ కట్టేసేవారు ఇంకొకరు. యుద్ధం చేసేవాళ్లకు అంతకన్నా అనుకూలమైన ప్రేక్షకుడు ఉండడు. చూసేవాళ్లు మానేసిన యుద్ధాన్ని ఎంతకాలమైనా సాగదీయవచ్చు. విసుగొస్తే రోజూ చూడటం మానేసి వారానికి ఒకరోజు పెట్టుకోండి, అది నయం.

9. మూడు నెలలకు ఒకసారి వెనక్కి వెళ్లండి

ఇది చాలామంది వదిలేస్తారు. పుస్తకంలోంచి మిమ్మల్ని బాగా కదిలించిన మూడు వార్తలు ఎంచుకుని, తర్వాత ఏమైందో వెతకండి. 2022 ఫిబ్రవరి 24న నల్లసముద్రంలోని స్నేక్ ఐలాండ్‌ అనే చిన్న దీవిలో తమ సరిహద్దు రక్షకులు 13 మందీ చనిపోయారని ఉక్రెయిన్ ప్రకటించింది. నాలుగు రోజుల్లో వాళ్లు బందీలుగా బతికే ఉన్నారని తేలింది. కొన్నిటికి నాలుగు రోజులు చాలవు. కువైట్‌ను ఆక్రమించిన ఇరాకీ సైనికులు అక్కడి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్ల నుంచి పసిపిల్లలను తీసి నేలమీద వదిలేశారని 1990 అక్టోబరులో పదిహేనేళ్ల అమ్మాయి అమెరికా కాంగ్రెస్ సభ్యుల ముందు కన్నీళ్లతో చెప్పింది. ఆమె అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ ప్రచారం వెనక ఒక పెద్ద పీఆర్ కంపెనీ ఉందని బయటపడింది 1992 జనవరిలో. ఈలోగా ఇరాక్‌తో గల్ఫ్ యుద్ధం జరిగింది, ముగిసింది, దాదాపు ఏడాది గడిచిపోయింది.

సవరణ దొరికితే పాత వార్త పక్కనే మరో రంగు సిరాతో, ఆ రోజు తేదీ వేసి రాయండి. పాత వాక్యాన్ని కొట్టేయకండి. ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే అదే వ్యక్తికి, అదే గ్రూపులో సవరణ కూడా పంపండి. నేను ఆ విమానం వీడియో పంపిన నలుగురికీ మళ్లీ రాశాను. ముగ్గురు జవాబివ్వలేదు. నాలుగో ఆయన ఫోన్ చేసి, అప్పటికే తను ఎవరెవరికి పంపాడో వెతుక్కుంటున్నానన్నాడు.